గొంతు పోయిన ఏడాది

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున డాక్టరుగారు మంచం దగ్గరికొచ్చి, "పాస్టరుగారూ, మీ పేరు చెప్పండి" అన్నారు. చెప్పాను. పెదాలు కదిలాయి, నాలుక కదిలింది, గాలి వచ్చింది. పేరు మాత్రం రాలేదు. సైకిలు ట్యూబులోంచి గాలి దిగిపోతున్నట్టు ఒక చప్పుడు, అంతే. ఆయన మళ్లీ అనమన్నారు. మళ్లీ అదే చప్పుడు. "వాపు వల్ల అయ్యుండొచ్చు, చూద్దాం" అని కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లారు.

మా ఆవిడ గ్లాసుతో నీళ్లిచ్చింది. మొదటి గుక్కే దారి తప్పింది. దగ్గుదామంటే దగ్గులో బలం లేదు. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, కళ్లు తేలేసి, నర్సమ్మ పరిగెత్తుకొచ్చేదాకా అలాగే ఉన్నాను. గుక్కెడు నీళ్లు మింగడం ఒక పని అని యాభై రెండేళ్ల వయసులో తెలిసింది.

థైరాయిడ్‌లో గడ్డ ఉంటే తీశారు. ఆ గ్రంథి వెనకాలే దారప్పోగంత నరం ఒకటి పోతుంది. గొంతులో రెండు స్వరతంత్రులుంటే ఒక్కోదానికీ ఒక్కో నరం. నాకు ఎడమవైపుది దెబ్బతింది. వారం తర్వాత ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపించి టీవీలో చూపించారు. కుడిది తలుపు రెక్కలా వస్తూ పోతూ ఉంది. ఎడమది పక్కకు ఒరిగి పడుకుంది. మందుల చీటీ వెనక డాక్టరుగారు బొమ్మ గీశారు: ఎడమ నరం నేరుగా గొంతుకు రాదట. రొమ్ములోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం కిందనుంచి చుట్టు తిరిగి, మళ్లీ పైకెక్కుతుందట. "నరం కోలుకుంటుందేమో ఆరు నెలల నుంచి ఏడాది దాకా చూద్దాం" అన్నారు. ఇలా జరగొచ్చని ఆపరేషన్‌కు ముందే చెప్పారు. సంతకం నేనే పెట్టాను. తప్పెవరిదని తవ్వుకోలేదు. తవ్వుకోవలసినది వేరే ఉంది, దానికొస్తాను.

చీరాల దగ్గర ఒక ఊళ్లో ఇరవై రెండేళ్లుగా సంఘం చూసుకుంటున్నాను. బాప్టిస్టు మిషను రోజుల నాటి మందిరం. నాకు పెద్ద చదువు లేదు, పాడే గొంతూ కాదు, కానీ మాట్లాడితే మైకు అక్కర్లేదు. కరెంటు పోయినా నా ప్రసంగం ఆగేది కాదు. చుట్టుపక్కల ఊళ్లలో రాత్రి కూటాలకు పిలిచేవారు. ఫ్లెక్సీల మీద 'ముఖ్య వర్తమానికులు' అని రాసి, చెయ్యెత్తి మైకు పట్టుకున్న నా ఫొటో వేసేవారు. వద్దని పైకి అనేవాణ్ణి. ఫొటో బాగా రాకపోతే ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర సణుక్కునేవాణ్ణి.

గొంతు పోయాక మొదటి నెలలు ఇంట్లోనే. మా అమ్మాయి చిన్నప్పటి పలక అటక మీద నుంచి దించారు. పిలవాలంటే స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేవాణ్ణి. చప్పుడును బట్టి నేను మామూలుగా పిలుస్తున్నానో కోపంగా పిలుస్తున్నానో మా ఆవిడకు తెలిసిపోయేది. నీళ్లకంటే రాగిజావ తేలిగ్గా దిగేది. నీళ్లు తాగాలంటే గడ్డం రొమ్ముకు ఆనించి, కొంచెం కొంచెం. ఎవరైనా ఫోన్ చేస్తే నేను గుసగుసగా మాట్లాడేవాణ్ణి, అవతలివాళ్లూ గుసగుసలోకి దిగేవారు. ఇద్దరం ఏదో దొంగతనం మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. బస్సులో కండక్టరుకు ఊరి పేరు చెబితే వినపడక, "ఏంటి తాతా, గట్టిగా చెప్పు" అన్నాడు. నా పక్కన కూర్చున్నవాడు నా పెదాలు చూసి టికెట్టు అడిగిపెట్టాడు.

ఆదివారాలు సంఘపెద్దలు ఎవరో ఒకరు వాక్యం చెప్పేవారు. జనం పలచబడ్డారు. కానుక పళ్లెం తేలికైంది. ఇది కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పళ్లెం వైపు చూసింది నేనే.

అప్పుడు స్వస్థత కోసం ప్రార్థించేవారు రావడం మొదలైంది. ప్రేమతోనే వచ్చారు. కొందరు నూనె రాశారు. కొందరు మూడు రోజులు ఉపవాసం ఉండి వచ్చారు. ఒక సేవకుడు మెడ మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కుతూ అరగంట ప్రార్థించి, "ఇప్పుడు స్తోత్రం అనండి అయ్యగారూ, విశ్వాసంతో అనండి" అన్నాడు. అన్నాను. గాలి. ఇంకా గట్టిగా అనమన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా అన్నాను. ఆయన ముఖంలో మొదట జాలి, తర్వాత చిరాకు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర మా ఆవిడతో మెల్లగా ఒక మాట అన్నాడు. నా గొంతు పోయింది గానీ చెవులు బాగానే ఉన్నాయి. "ఇంట్లో ఎక్కడో విశ్వాసం చాలడం లేదమ్మా."

ఆ మాట నాకు తెలుసు. అది నాదే.

పదకొండేళ్ల క్రితం మా సంఘంలో ఒకామె కొడుకు, పన్నెండేళ్లవాడు, రక్తంలో జబ్బుతో మంచాన పడ్డాడు. మూడు రాత్రులు వాళ్లింట్లో ప్రార్థించాను. వీధి వీధంతా వినపడేలా. పిల్లవాడు నాలుగో రోజు పోయాడు. నేను సిగ్గుపడ్డాను, నా ప్రార్థన ఓడిపోయిందని. ఆ సిగ్గు నేను మోయలేక ఆమె నెత్తిన పెట్టాను. గుమ్మంలో నిలబడి ఈ మాటే అన్నాను. ఆమె సంఘం మానలేదు. ముందు వరసలో కూర్చునే మనిషి చివరి వరసకు వెళ్లింది, అంతే.

మాట్లాడలేని మనిషికి చదువుకోవడం మిగులుతుంది. కొరింథీయులకు పౌలు రాసిన రెండో పత్రిక మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. శరీరంలో ముల్లు, చాలినంత కృప, బలహీనతలో శక్తి: సమాధి దగ్గరా, ఆస్పత్రి మంచాల దగ్గరా ఆ భాగం తీయని సేవకుడు ఉండడు. నేను చెప్పే పద్ధతి ఒకటే. బలహీనత మొదట, శక్తి తర్వాత. ఇవాళ ఏడుపు, రేపు గెలుపు. ఇప్పుడు ఆ పత్రికను మొదటి నుంచి చివరిదాకా, ప్రసంగం తయారు చేసుకోవాలన్న ఆలోచన లేకుండా చదివాను. అందులో 'తర్వాత' అన్నది నాకు దొరకలేదు.

అసలు ఆ పత్రిక ఎందుకు రాశాడో ఇన్నేళ్లూ నేను సరిగ్గా పట్టించుకోలేదు. కొరింథు రెండు రేవుల మధ్య ఊరు. అటు లెకాయోను, ఇటు కెంక్రేయ. రోమా సైన్యం క్రీ.పూ. 146లో ఆ ఊరిని నేలమట్టం చేస్తే, వందేళ్ల తర్వాత క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ మళ్లీ నిలబెట్టాడు. కొత్త డబ్బు, కొత్త మనుషులు, పైకి ఎగబాకాలన్న తపన. పక్కనే ఇస్త్మియాలో రెండేళ్లకోసారి పోటీలు. వక్తలంటే ఆ లోకంలో ఇవాళ్టి సినిమా హీరోల లెక్క. అలాంటి ఊళ్లోకి పౌలు వచ్చి, అకుల ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టుకుంటూ ఏడాదిన్నర ఉన్నాడు. అకయకు గల్లియోను అధికారిగా ఉన్న కాలం అది, అంటే సుమారు క్రీ.శ. 51. చేతిపని చేసేవాణ్ణి గురువుగా చెప్పుకోవడం అక్కడి పెద్దలకు నామోషీ. పైగా వాళ్ల డబ్బు పుచ్చుకోనన్నాడు. అది ఇంకా పెద్ద అవమానం.

ఆయన వెళ్లాక వేరే బోధకులు వచ్చారు. సిఫారసు ఉత్తరాలతో వచ్చారు, మాటకారులు, దర్శనాలు చూసినవారు. కొరింథువాళ్లు పోల్చుకున్నారు. పౌలు ఉత్తరాలు ఘాటుగానే ఉంటాయి గానీ మనిషి ఎదురుగా వస్తే ఏముంది, మాట్లాడ్డం కూడా రాదు అని చెప్పుకున్నారు. ఆ నింద పదో అధ్యాయంలో ఆయనే రాసుకున్నాడు. పలక ఒళ్లో పెట్టుకుని అది చదివినప్పుడు ఒక సంగతి అర్థమైంది. ఇరవై రెండేళ్లుగా నన్ను నేను పౌలు పక్షాన నిలబెట్టుకుని చదువుతున్నాను. ఫ్లెక్సీ మీద ఫొటో ఉన్నది మాత్రం అవతలి పక్షాన.

వాళ్లకు జవాబుగా పౌలు కూడా గొప్పలు చెప్పుకుంటానంటాడు, తెలివితక్కువవాడిలా మాట్లాడుతున్నానని ముందే చెప్పి. ఇక జాబితా మొదలు. యూదుల చేత ఒకటి తక్కువ నలభై దెబ్బలు, అయిదుసార్లు. బెత్తాలతో మూడుసార్లు. ఒకసారి రాళ్లతో. మూడుసార్లు ఓడ పగిలింది. (మెలితే దగ్గర ఓడ పగలడం మనకు బాగా తెలిసిన కథ, కానీ అది ఈ ఉత్తరం రాసిన తర్వాతిది.) చివరికి దమస్కులో అరెత రాజు అధికారి పట్టుకోబోతే, గోడలోని కిటికీలోంచి గంపలో కూర్చోబెట్టి తాళ్లతో దించేశారని చెబుతాడు. ఇదేమి గొప్ప అనుకునేవాణ్ణి. రోమా సైన్యంలో శత్రువు కోట గోడ మొదట ఎక్కినవాడికి బంగారు కిరీటం పెట్టేవారట. పౌలు దానికి తలకిందులుగా, గోడ దిగిపోయిన సంగతి గొప్పగా చెబుతున్నాడని కొందరు పండితులు అంటారు. అది చదివి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది.

మా దగ్గరా ఒక గొప్ప ఉంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలిచ్చారు. వార్షికోత్సవాల్లో ఆ అంకె నేనే ఎన్నిసార్లు గర్జించానో. వాళ్లలో చాలామంది మాదిగలని, అంతకుముందు రెండేళ్ల ఘోరమైన కరువులో బకింగ్‌హామ్ కాలువ మట్టి తవ్వి బతికినవాళ్లు వారిలో ఉన్నారని, తిండి కోసం వస్తున్నారేమోనని మిషనరీ క్లౌ దొర ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడని మాత్రం నా ప్రసంగంలో ఒక్క వాక్యంలో పోయేది. అంకె బాగా మోగుతుంది, ఆకలి మోగదు.

ముల్లు దగ్గరికి వస్తే, దర్శనం గురించి చెప్పాల్సిన చోట పౌలు అదెవరో పరాయి మనిషికి జరిగినట్టు చెప్పి, ఆ దర్శనంలో విన్న మాటలు పలకకూడనివని ఊరుకుంటాడు. వెంటనే ముల్లు. ఏమిటది? కంటిజబ్బా, చలిజ్వరమా, మూర్ఛా, మనుషులా? ప్రసంగంలో ఆ ఊహలకే పది నిమిషాలు పట్టించేవాణ్ణి. ఇప్పుడు నాకనిపిస్తుంది, ఆయన కావాలనే చెప్పలేదు. చెబితే ఆ జబ్బువాళ్లొక్కరే ఆ ఉత్తరం దాచుకునేవారు. ముల్లుకు ఆయన రాసిన గ్రీకు మాట స్కోలోప్స్. కాలిలో గుచ్చుకునే ముల్లుకే కాదు, పాతిపెట్టే మొనదేలిన కొయ్యకూ ఆ మాటే. తీసెయ్యమని మూడుసార్లు అడిగాడు. తీసెయ్యలేదు. జవాబు వచ్చింది, అడిగినదానికి కాదు.

బైబిలు కాలేజీలో నేర్చుకుని మర్చిపోయిన గ్రీకు నోటు పుస్తకం ట్రంకు పెట్టెలోంచి తీశాను. క్రీస్తు శక్తి తన మీద నిలవడం గురించి చెప్పేచోట పౌలు వాడిన క్రియలో 'స్కేనే' ఉంది. గుడారం. శక్తి వచ్చి తన మీద డేరా వేసుకోవాలట. డేరాలు కుట్టి వేళ్లు కాయలు కాసినవాడు ఎన్నుకున్న మాట. డేరా మేడ కాదు. గాలికి ఊగుతుంది. ఇవాళ ఇక్కడ మేకులు దిగితే రేపు ఎక్కడో. ఆ రాత్రి చాలాసేపు ఆ ఒక్క మాట పలక మీద రాస్తూ తుడుస్తూ కూర్చున్నాను. ఓదార్పు కలిగిందని చెప్పను. కోపం కాస్త తగ్గింది.

ఇంకొకటి కూడా కనబడింది. ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ప్రార్థించిన చేతిగుడ్డలు నాకూ రెండు పోస్టులో వచ్చాయి. అదే పౌలు త్రోఫిమును జబ్బుగా ఉన్నాడని మిలేతులో వదిలిపెట్టి వచ్చాడు. తిమోతి కడుపుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. ఎపఫ్రొదితు చావుకు దగ్గరైతే అల్లాడిపోయాడు. వాళ్లలో ఒక్కరినీ నీ విశ్వాసం చాల్లేదని అనలేదు.

అయిదో నెలలో ప్రసంగం రాయడం మొదలుపెట్టాను. చదవడానికి డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయిని అడిగాను. స్పష్టంగా చదువుతుంది, భయపడదు. ఒక సంఘపెద్ద ఒప్పుకోలేదు. "ఆడపిల్ల ప్రసంగవేదిక మీదా అయ్యగారూ?" పలక మీద రాసి చూపించాను: రోమా పత్రిక తెర్తియు చేత్తో రాసింది, కెంక్రేయ నుంచి మోసుకెళ్లింది ఫీబే. పౌలు అప్పటికి రోమా ముఖమైనా చూడలేదు. ఆ పెద్దాయన పలక చదివి, కళ్లద్దాలు తీసి, "వేదిక మీద వద్దు, కింద నిలబడి చదవనివ్వండి" అన్నారు. సగం గెలిచాం. ఆ పిల్ల కింద నిలబడే చదివింది. నేను గర్జించాలని రాసుకున్న వాక్యాలను మామూలుగా, కరెంటు బిల్లు చదివినట్టు చదివేసింది. మొదటివారం నాకు ఒళ్లు మండింది. మూడోవారానికి అలాంటి వాక్యాలు రాయడం మానేశాను.

ఆ వేసవిలో మా సంఘంలో ముసలాయన ఒకరు పోయారు. నా చేతనే మట్టి చేయించమని ముందే చెప్పి పోయారట. గుంట దగ్గర నిలబడ్డాను. మైకు లేదు, గాలి తోలుతోంది. ఇదివరకైతే నేను మాట్లాడుతుంటే సగంమంది తుమ్మచెట్ల నీడన బీడీలు కాల్చుకుంటూ వినేవారు. ఆ రోజు నా పెదాలు కదలడం చూసి ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. గుంట చుట్టూ భుజాలు భుజాలు తగిలేలా నిలబడ్డారు. బీడీ వాసన, మట్టి వాసన, పక్కవాడి ఊపిరి చప్పుడు. నాలుగు మాటలు చెప్పాను. ఎంతమందికి వినపడ్డాయో గానీ ఎవరూ కదల్లేదు.

తర్వాతి వారం, కొడుకు పోయిన ఆ తల్లి ఇంటికి వెళ్లాను. పదకొండేళ్లలో ఆ గుమ్మం తొక్కడం అదే. ఆమె చింతపండు గింజలు తీస్తూ అరుగు మీద ఉంది. ఈమధ్య చెవి కొంచెం మందం. నా గుసగుస ఆమెకు అందలేదు. "ఏంటి అయ్యగారూ?" అంది. మళ్లీ చెప్పాను. చెయ్యి చెవికి ఆనించుకుంది. మూడోసారి గొంతు చీరుకునేలా చెప్పాను: "ఆ రోజు మీ వాడి విషయంలో నేనన్న మాట తప్పమ్మా. అబద్ధం. నన్ను క్షమించండి." ఎదురింటి వాళ్లు తలలు తిప్పి చూశారు. పలక మీద రాసుకెళ్లి ఉండొచ్చు. ఆమెకు చదువు రాదు.

చాలాసేపు ఏమీ అనలేదు. గింజలు తీస్తూనే ఉంది. ఆఖరికి, "ఆ రోజు మీ మాట వీధి చివరిదాకా వినపడింది అయ్యగారూ" అంది. కోపంగా అనలేదు. లోపలికి వెళ్లి టీ తెచ్చింది. గడ్డం దించుకుని తాగాను. క్షమించానని ఆమె అనలేదు, నేను మళ్లీ అడగలేదు.

ఏడాది చూసినా నరం కోలుకోలేదు. గుంటూరులో ఇంకొక ఆపరేషన్ చేశారు. దీనికి మనిషిని నిద్రపుచ్చరు. మెడ ముందు మృదులాస్థికి చిన్న కిటికీ కోసి, లోపల సిలికాన్ ముక్క పెట్టి, పడిపోయిన తంత్రిని మధ్యకు నెడతారు. ఎంత నెట్టాలో తెలియాలంటే రోగి మాట్లాడాలి. మొహం మీద పచ్చగుడ్డ, మెడ దగ్గర ఏదో కదులుతున్నట్టు తెలుస్తోంది, నొప్పి లేదు. "ఈ... అనండి." గాలి. ముక్క మార్చారు. "ఒకటి, రెండు లెక్కపెట్టండి." మూడు దగ్గర కీచుమంది. మళ్లీ సర్దారు. ఏడు దగ్గర ఒక గొంతు వినపడింది. నాది కాదనుకున్నాను. బొంగురుగా, పలచగా, ఎవరో పెద్దాయన పక్కగదిలోంచి మాట్లాడుతున్నట్టు. "ఇదే బావుంది, ఇక్కడ ఆపుదాం" అన్నారు సర్జన్. పచ్చగుడ్డ కింద ఏడ్చాను. ఏడిస్తే గొంతు కదులుతుందని నర్సమ్మ మందలించింది.

ఆ తంత్రి ఇప్పటికీ కదలదు. మధ్యకు జరిగి ఊరుకుంది, కదిలేదే వచ్చి దాన్ని తాకుతుంది. రోజూ పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర. గంట ప్రసంగం ఇరవై నిమిషాలకు వచ్చింది, కాలరు మైకు పెట్టుకుంటే. రాత్రి కూటాలకు పిలుపులు ఆగిపోయాయి. ఆదివారం వాక్యపఠనం ఆ అమ్మాయిదే, ఇప్పుడు వేదిక మీద నుంచే. ఆ పెద్దాయన ఏ వారం నుంచి ఊరుకున్నారో ఎవరికీ గుర్తులేదు.

ఆమె ఇంకా చివరి వరసలోనే కూర్చుంటుంది. మా కుర్రాళ్లు స్పీకరు బాక్సు ఒకటి అటువైపు తిప్పి పెట్టారు.